విదేశీ ఎంబీబీఎస్ తర్వాత ఎఫ్ఎంజీఈ: కాగితాల నుంచి ఇంటర్న్‌షిప్ దాకా వరుసగా ఏం చేయాలి?

బిష్కెక్‌లోనో, టిబిలిసిలోనో, మనీలాలోనో ఎంబీబీఎస్ ముగించుకొని ఇల్లు చేరిన పిల్లలు, వాళ్లకంటే ఎక్కువగా వాళ్ల నాన్నలు, అడిగేది ఒక్కటే: "ఇప్పుడేం చేయాలె సార్?" మిర్యాలగూడ నుంచి అచ్చంపేట దాకా ఇదే మాట. ఆ వెంటనే వచ్చే ప్రశ్న "ఏ కోచింగ్‌లో చేర్పించాలె?" అది నిజానికి ఐదోదో ఆరోదో కావాల్సిన ప్రశ్న.

ఎఫ్ఎంజీఈ అంటే విదేశాల్లో ఎంబీబీఎస్ చదివినవాళ్లు ఇండియాలో వైద్యం చేయాలంటే పాసవాల్సిన స్క్రీనింగ్ పరీక్ష. ఇందులో చాలా విడతల్లో పాసయ్యేది సుమారు ఐదుగురిలో ఒకరు. ఎప్పుడైనా బాగుంటే ముగ్గురు నలుగురిలో ఒకరు, బాగోలేకపోతే పదిమందిలో ఒకరు. మిగతావాళ్లంతా మొద్దులేం కాదు. కాగితాల దగ్గరో, సబ్జెక్టుల వరుస దగ్గరో, పాసయ్యాక రిజిస్ట్రేషన్ దగ్గరో తడబడి ఆరు నెలలకు ఆరు నెలలు పోగొట్టుకుంటారు. ఈ పరీక్ష ఏడాదికి రెండేసార్లు ఉంటుంది కాబట్టి ఒక్క కాగితం తక్కువైనా ఆరు నెలలు ఇంట్లో కూర్చోవాల్సిందే.

## 1. మీరు ఏ నిబంధన కిందికి వస్తారో ముందు తేల్చుకోండి

రెండు తేదీలు గుర్తుపెట్టుకుంటే చాలు.

మొదటిది 2018 మే. ఆ తర్వాత విదేశీ కాలేజీలో చేరినవాళ్లకు నీట్ యూజీ అర్హత తప్పనిసరి. నీట్ ఫలితమే మీకు అర్హత పత్రం కింద లెక్క. కాబట్టి స్కోర్‌కార్డు పీడీఎఫ్ పోగొట్టుకోవద్దు.

రెండోది 2021 నవంబరు 18. ఆ తర్వాత చేరినవాళ్లకు జాతీయ వైద్య కమిషన్ తెచ్చిన కొత్త నిబంధనలు వర్తిస్తాయి. వాటి ప్రకారం:

- కోర్సు కనీసం 54 నెలలు, అదీ ఒకే విద్యాసంస్థలో, ఇంగ్లిష్ మాధ్యమంలో జరగాలి
- అదే విదేశీ సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేసి ఉండాలి
- ఆ దేశంలో వైద్యం చేయడానికి అక్కడి లైసెన్సు సంస్థ దగ్గర నమోదుకు అర్హత ఉండాలి
- ఇండియాకు వచ్చాక మళ్లీ 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి
- చేరిన తేదీ నుంచి పదేళ్లలో ఇదంతా ముగియాలి

మధ్యలో యూనివర్సిటీ మారినవాళ్లు "ఒకే సంస్థ" అన్న మాట దగ్గర చిక్కుకుంటారు. కరోనా, యుద్ధం రోజుల్లో ఆన్‌లైన్‌లో క్లాసులు విన్నవాళ్లది వేరే కథ. ఆ క్లాసులకు బదులు తర్వాత ప్రత్యక్షంగా చదివించినట్టు యూనివర్సిటీ నుంచి పత్రం తెచ్చుకోవాలి, మీ బ్యాచ్‌కు వర్తించే కమిషన్ నోటీసు ఒకటికి రెండుసార్లు చదవాలి. ఏజెంటు చెప్పిందో, వాట్సాప్ గ్రూపులో వచ్చిందో దీనికి పనికిరాదు.

ఎఫ్ఎంజీఈకి బదులు నెక్స్ట్ (నేషనల్ ఎగ్జిట్ టెస్ట్) వస్తుందని ఆగినవాళ్లూ ఉన్నారు. 2019 చట్టంలో దాని మాట ఉంది, 2023 జూన్‌లో నిబంధనలు వచ్చాయి, మరుసటి నెలలోనే వాయిదా పడింది. అది వచ్చినా చదవాల్సిన సబ్జెక్టులు ఇవే. ఆగొద్దు.

## 2. దేశం వదలకముందే కాగితాలు కట్టగట్టండి

ఇంకా అక్కడే ఉన్నవాళ్లు ఈ భాగం శ్రద్ధగా చదవాలి. ఇంటికొచ్చేశాక అక్కడి యూనివర్సిటీ నుంచి ఒక్క సంతకం తెప్పించాలంటే ఏజెంటు ఎంతడిగితే అంత పోయాలి.

వెంట తెచ్చుకోవాల్సినవి:

- డిగ్రీ లేదా పాస్ సర్టిఫికెట్ ఒరిజినల్, దాని ఇంగ్లిష్ అనువాదం
- అన్ని సంవత్సరాల ట్రాన్స్‌క్రిప్ట్
- అక్కడి ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్, ఏ విభాగంలో ఎన్ని వారాలో వివరంగా
- ఇంగ్లిష్ మాధ్యమంలో చదివినట్టు, కోర్సు మొదలైన, ముగిసిన తేదీలతో యూనివర్సిటీ లేఖ
- ఆ డిగ్రీతో ఆ దేశంలో వైద్యం చేయవచ్చని రుజువు
- అడ్మిషన్ లెటర్

ఆ దేశం అపోస్టిల్ ఒప్పందంలో ఉంటే డిగ్రీ మీద అపోస్టిల్ (వేరే దేశాల్లోనూ చెల్లే అధికారిక ధ్రువీకరణ ముద్ర) వేయించుకోవాలి. లేకపోతే అక్కడి భారత రాయబార కార్యాలయం ధ్రువీకరించాలి. మన ఊరి నోటరీ ముద్ర దీనికి బదులు కాదు.

ఇంటి దగ్గర తీసిపెట్టాల్సినవి: పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, నీట్ స్కోర్‌కార్డు, ఆధార్, పాస్‌పోర్టు. పాస్‌పోర్టు అంటే మొదటి, చివరి పేజీలు మాత్రమే కాదు. వీసా ఉన్న పేజీలు, ఇమిగ్రేషన్ ముద్రలు పడిన పేజీలు అన్నీ స్కాన్ చేయాలి. మీరు కోర్సు కాలమంతా నిజంగా ఆ దేశంలోనే ఉన్నారా అని మెడికల్ కౌన్సిల్ చూసేది ఆ ముద్రల్లోనే. పాస్‌పోర్టు గడువు తీరి కొత్తది తీసుకున్నా పాతది బీరువాలో ఉండాలి.

ఇంత గట్టిగా ఎందుకు చూస్తారంటే, స్క్రీనింగ్ పరీక్ష పాసవకుండానే రిజిస్ట్రేషన్ పొందారని 73 మంది విదేశీ పట్టభద్రుల మీద, 14 రాష్ట్రాల కౌన్సిళ్ల మీద 2022 డిసెంబరులో సీబీఐ కేసు పెట్టింది. అప్పట్నుంచి కౌంటర్లో కూర్చున్నవాళ్లు ప్రతి ముద్రనూ అనుమానంగానే చూస్తున్నారు.

## 3. పేరులో తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించండి

మన పిల్లలకు ఎక్కువ తిప్పలు ఇక్కడే. ఉదాహరణకు పదో తరగతి మెమోలో "బొడ్డుపల్లి హర్షవర్ధన్" అని ఇంటిపేరు ముందు ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు వెనక్కి పోతుంది. ఆధార్‌లో "బి. హర్షవర్ధన్". రష్యన్ లిపిలో "హ" అక్షరం లేదు కాబట్టి అక్కడి డిప్లొమాలో అది "ఖ"గా మారి, ఇంగ్లిష్ అనువాదంలో "ఖర్షవర్ధన్" అని దిగుతుంది. మనిషి ఒక్కడే, పేర్లు నాలుగు.

చేయాల్సింది ఇది:

1. పాస్‌పోర్టులో పేరు మెమోతో కలుస్తుందో లేదో చూడండి. అక్షరం తేడా ఉంటే పాస్‌పోర్టు సవరణ ముందు పెట్టుకోండి.
2. డిప్లొమా అనువాదాన్ని పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగ్‌తోనే రాయించండి. అనువాదకుడి పక్కన కూర్చొని రాయించినా తప్పులేదు.
3. ఒరిజినల్‌లోనే తప్పుంటే యూనివర్సిటీ నుంచి "ఈ రెండు పేర్లూ ఒకరివే" అన్న లేఖ తీసుకోండి.
4. ఇంటిపేరు ముందూ వెనుకా అయిన తేడాకు స్టాంప్ పేపరు మీద అఫిడవిట్ సిద్ధంగా పెట్టుకోండి.
5. పరీక్ష దరఖాస్తులో పేరు ఆ విడత బులెటిన్ ఏ పత్రంలో ఉన్నట్టు నింపమంటే అలాగే నింపండి. ఇంటిపేరు పూర్తిగా రాయండి, పొట్టి చేయొద్దు.

పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్న అమ్మాయిలు రిజిస్ట్రేషన్ ముగిసేదాకా ఆధార్‌లో మార్పు చేయించకపోతే సుఖం. ఇప్పటికే మార్చి ఉంటే మ్యారేజ్ సర్టిఫికెట్ జతచేయాలి.

## 4. దరఖాస్తు

పరీక్ష పెట్టేది ఢిల్లీలోని ఎన్‌బీఈఎంఎస్ (నేషనల్ బోర్డ్ ఆఫ్ ఎగ్జామినేషన్స్ ఇన్ మెడికల్ సైన్సెస్). జూన్ విడత, డిసెంబరు విడత అంటారు గానీ తేదీ ఒక నెల అటూ ఇటూ జరుగుతుంటుంది. సాధారణంగా జూన్ విడతకు ఏప్రిల్ 30 లోపు, డిసెంబరు విడతకు అక్టోబరు 31 లోపు మీ ఫైనల్ ఇయర్ ఫలితం వచ్చి ఉండాలి. ఫీజు ఈమధ్య విడతల్లో 6,195 రూపాయలు, ప్రతి ప్రయత్నానికీ మళ్లీ కట్టాలి. ప్రయత్నాలకు పరిమితి లేదు.

దరఖాస్తు విండో తెరిచిన మొదటి రెండు రోజుల్లోనే నింపండి. పరీక్ష నగరాలు ముందు వచ్చినవాళ్లకు ముందు దక్కుతాయి. హైదరాబాద్ నిండిపోయాక కర్ణాటకకో మహారాష్ట్రకో రైలెక్కాల్సి వస్తుంది.

మీసేవ సెంటర్లో కూర్చోబెట్టి నింపించడం మనకు అలవాటు. నింపించండి, కానీ ఈమెయిలు, ఫోన్ నంబరు మాత్రం మీవే ఇవ్వండి. కాగితాల్లో లోపం ఉందని చెప్పే సందేశం ఆ మెయిలుకే వస్తుంది. దాన్ని సరిదిద్దడానికి ఇచ్చే గడువు కొద్ది రోజులే. సెంటర్ అబ్బాయి మెయిలులో పడితే అది మీకు చేరదు.

ఫొటో, సంతకం, వేలిముద్ర చెప్పిన కొలతల్లో లేకపోయినా వెనక్కి వస్తాయి. తెల్లటి బ్యాక్‌గ్రౌండ్, చెవులు కనబడే కొత్త ఫొటో. కాలేజీలో చేరినప్పటిది వద్దు.

## 5. పేపరు లోపల ఏముందో చూడండి

300 ప్రశ్నలు, 300 మార్కులు, పాసు మార్కు 150. నెగటివ్ మార్కులు లేవు. ఉదయం 150, మధ్యాహ్నం 150. ఒక్కో పూటలో 50 ప్రశ్నల చొప్పున మూడు సెక్షన్లు, ఒక్కోదానికి 50 నిమిషాలు. సెక్షన్ సమయం అయిపోయేదాకా తర్వాతిదానికి పోలేరు, పోయాక వెనక్కి రాలేరు. "తెలిసినవన్నీ ముందు చేసి, చివర్లో అన్నీ చూసుకుంటా" అనే పాత అలవాటు ఇక్కడ పనిచేయదు.

మార్కుల పంపకం ఇలా ఉంటుంది:

- జనరల్ మెడిసిన్ 33, జనరల్ సర్జరీ 32, గైనిక్ 30, కమ్యూనిటీ మెడిసిన్ 30: మొత్తం 125
- పీడియాట్రిక్స్, కంటి విభాగం, ఈఎన్‌టీ తలా 15: మొత్తం 45
- పాథాలజీ, మైక్రోబయాలజీ, ఫార్మకాలజీ తలా 13: మొత్తం 39
- అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ తలా 17: మొత్తం 51
- ఫోరెన్సిక్ 10
- సైకియాట్రీ, చర్మ విభాగం, రేడియోథెరపీ, అనస్థీషియా, ఆర్థోపెడిక్స్, రేడియాలజీ తలా 5: మొత్తం 30

పిల్లలు అనాటమీతో మొదలుపెట్టి, రెండు నెలలు చెయ్యీ కాలూ నరాలన్నీ చదివి, గైనిక్ దగ్గరికొచ్చేసరికి పరీక్ష వారంలో పడుతుంది. అనాటమీ ఎంత చదివినా 17 మార్కులే. ఈఎన్‌టీని పది రోజుల్లో ముగించవచ్చు, దానికి 15 మార్కులు.

## 6. ఆరు నెలల చదువు: ఏది ముందు, ఏది వెనుక

మొదటి ఐదు వారాలు: పాథాలజీ, ఫార్మకాలజీ, మైక్రోబయాలజీ. మార్కులు 39 అయినా మెడిసిన్, సర్జరీ ప్రశ్నల్లో సగం వీటిమీదే నిలబడతాయి.

తర్వాతి తొమ్మిది వారాలు: మెడిసిన్, సర్జరీ, గైనిక్, కమ్యూనిటీ మెడిసిన్. రోజూ ఉదయం పెద్ద సబ్జెక్టు, సాయంత్రం కమ్యూనిటీ మెడిసిన్ గంటన్నర. దీన్ని చివర్లో ఒక్కసారిగా మింగడం ఎవరివల్లా కాదు.

తర్వాతి నాలుగు వారాలు: పీడియాట్రిక్స్, కన్ను, ఈఎన్‌టీ, ఫోరెన్సిక్.

ఆ తర్వాత మూడు వారాలు: అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీల్లో పదే పదే వచ్చే అంశాలు మాత్రమే. ఐదేసి మార్కుల సబ్జెక్టులకు ఒక్కోదానికి ఒకటి రెండు రోజులు.

మిగిలినదంతా రివిజన్, పూర్తి నిడివి పరీక్షలు.

నోట్స్ ఒక్కటే పెట్టుకోండి. ఒక యాప్ వీడియోలు, ఇంకో యాప్ ప్రశ్నలు, మరో సార్ టెలిగ్రామ్ పీడీఎఫ్‌లు అని మూడు పడవల్లో కాళ్లు పెట్టినవాడు ఏదీ రెండోసారి చదవడు. ఈ పరీక్ష పాసు చేయించేది రెండో, మూడో చదువే.

కోచింగ్ మాట. అక్కడ క్లాసులు వేరే భాషలో సగం అర్థమై, ఆస్పత్రిలో రోగితో మాట్లాడలేకపోయినవాళ్లకు ప్రత్యక్ష క్లాసు నిజంగానే ఉపయోగం. పునాది ఉన్నవాళ్లు దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో నెలకు వేలు పోయనక్కర్లేదు. నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో జిల్లా గ్రంథాలయంలో గ్రూప్స్ రాసేవాళ్ల పక్కన ఒక కుర్చీ పట్టుకుంటే చాలు. ఇంట్లో మాత్రం వద్దు. డాక్టర్ కొడుకు ఇంట్లో ఉన్నాడంటే వాడవాడంతా బీపీ చూపించుకోవడానికి వస్తుంది.

## 7. మన ఊళ్లోనే ఉన్న మార్కులు

విదేశాల్లో చదివినవాళ్లు ఎక్కువ పోగొట్టుకునేది కమ్యూనిటీ మెడిసిన్‌లో. అక్కడి పాఠ్యాంశాల్లో మన ఆశా కార్యకర్త ఉండదు, పీహెచ్‌సీ ఉండదు. కానీ ఇవి మీరు పుట్టినప్పట్నుంచి చూస్తున్నవే.

ఫ్లోరోసిస్ తీసుకోండి. మర్రిగూడ, మునుగోడు వైపు పుట్టినవాళ్లకు ఎవరూ బొమ్మ వేసి చూపించక్కర్లేదు. పళ్లమీద గోధుమరంగు చారలు, వంగిన నడుము, లోపలికి తిరిగిన మోకాళ్లు. పరీక్షకు కావాల్సింది వాటి వెనుకున్న అంకెలు: తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్లకు, 3 నుంచి 6 ఉంటే ఎముకలకు, 10 దాటితే మనిషిని మంచాన పడేసేంత. నీటిలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి పుస్తకాల్లో ఉన్న పేరే "నల్గొండ టెక్నిక్". సున్నం, ఆ తర్వాత పటిక, కలపడం, మడ్డి కట్టడం, అడుగుకు దిగడం, వడపోత. దీన్ని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించింది. నల్లగొండ వాళ్లు ఈ ప్రశ్న తప్పితే ఊరికి ముఖం చూపించలేరు!

పాలమూరు జొన్నలోనూ మార్కులున్నాయి. జొన్నే ప్రధాన ఆహారమైన చోట పెల్లాగ్రా ఎందుకు వస్తుందంటే, జొన్నలో ల్యూసిన్ ఎక్కువ, అది నియాసిన్ తయారీకి అడ్డం పడుతుంది. ఈ విషయం మీద పని జరిగింది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలోనే.

పురుగుమందు తాగిన రైతు: చొంగ, చెమట, సూదిమొనంత కనుపాపలు. అట్రోపిన్, ప్రాలిడాక్సిమ్. పాముకాటు: కట్లపాము కరిస్తే నొప్పి పెద్దగా ఉండదు, తెల్లారేసరికి రెప్పలు వాలిపోతాయి. రక్తపింజర అయితే వాపు, రక్తస్రావం, 20 నిమిషాలైనా గాజు గొట్టంలో రక్తం గడ్డకట్టదు. ఈ రెండూ మెడిసిన్‌లోనూ ఫోరెన్సిక్‌లోనూ అడుగుతారు.

కంఠతా రావాల్సినవి:

- టీకాల పట్టిక: పుట్టగానే, 6, 10, 14 వారాలు, 9 నెలలు, 16 నుంచి 24 నెలలు
- మైదాన ప్రాంతంలో సబ్‌సెంటర్‌కు 5,000, పీహెచ్‌సీకి 30,000 జనాభా
- టీబీ మందుల వరుస, నిక్షయ్ (టీబీ రోగుల ప్రభుత్వ పోర్టల్) నమోదు
- సెన్సిటివిటీ, స్పెసిఫిసిటీ లెక్కలు

ఒక పూట మీ మండల పీహెచ్‌సీకి పోయి ఏఎన్ఎం పక్కన కూర్చొని ఇమ్యునైజేషన్ రోజు చూడండి. ఏ సీసా ఐస్‌లైన్డ్ రిఫ్రిజిరేటర్‌లో ఎక్కడుంటుందో చూసినదాన్ని మళ్లీ బట్టీ పట్టాల్సిన పనిలేదు.

## 8. ప్రశ్నల సాధన

ఎన్‌బీఈఎంఎస్ ప్రశ్నపత్రాన్నీ జవాబుల కీనీ బయటపెట్టదు, రీవాల్యుయేషన్ కూడా ఉండదు. మార్కెట్లో "పాత పేపర్లు" అని అమ్మేవన్నీ రాసినవాళ్ల జ్ఞాపకాలు. ఏ అంశాలు వస్తున్నాయో తెలుసుకోవడానికి వాడండి, వాటి జవాబులను మాత్రం పుస్తకంతో సరిచూసుకోండి.

సాధన ఫోన్లో వద్దు, కంప్యూటర్‌లో చేయండి. 50 ప్రశ్నలు, 50 నిమిషాలు, మధ్యలో లేవకూడదు. చివరి ఆరు వారాల్లో వారానికొకసారి ఉదయం 9 నుంచి 11:30, మధ్యాహ్నం 2 నుంచి 4:30 పూర్తి పరీక్ష రాయండి. అన్నం తిన్నాక రెండింటికి నిద్ర ముంచుకొచ్చే సంగతి ఆ రోజే మొదటిసారి తెలియకూడదు.

ఒక చిన్న లెక్క. మీకు ఖాయంగా తెలిసినవి 110 అనుకోండి. మిగతా 190 గుడ్డిగా పెట్టినా నాలుగింట ఒకటి తగిలితే 47 వస్తాయి. మొత్తం 157. నాలుగు ఆప్షన్లలో రెండు కొట్టేయగలిగితే ఇంకా పైకి పోతారు. అంటే ఒక్క ప్రశ్ననూ ఖాళీగా వదలకూడదు, తెలిసినదాన్ని తొందరలో తప్పు పెట్టకూడదు. ప్రతి టెస్టు తర్వాత తప్పులను మూడు కుప్పలు చేయండి: చదవనివి, చదివి మరిచినవి, తెలిసీ తప్పు పెట్టినవి. మూడో కుప్ప పెద్దదైతే కొత్త పాఠాలు ఆపండి, రోజుకు ఒక 50 ప్రశ్నల సెక్షన్ చేయండి.

130 దగ్గర రెండు మూడు సార్లు ఆగినవాళ్లకు నేను చెప్పేది: మళ్లీ మొదటి నుంచి వీడియోలు చూడొద్దు. మీకు లోటు 20 మార్కులు. కమ్యూనిటీ మెడిసిన్, ఈఎన్‌టీ, కన్ను, ఫోరెన్సిక్ ఈ నాలుగే కలిపి 70 మార్కులు. అక్కడ వెతకండి.

## 9. పరీక్షకు ముందురోజు, ఆ రోజు

అడ్మిట్ కార్డులో హైదరాబాద్ అని ఉన్నా సెంటర్ ఊరి చివర ఏ ఇంజినీరింగ్ కాలేజీలోనో పడుతుంది. గేటు పొద్దున ఎనిమిదిన్నరకే మూసేస్తారు. తెల్లవారుజామున గద్వాల నుంచో కొల్లాపూర్ నుంచో బస్సెక్కి చేరడం జూదం. ముందురోజు సాయంత్రమే పోయి, గేటు చూసి, దగ్గర్లో పడుకోండి.

- అడ్మిట్ కార్డు ప్రింటు, చెప్పిన చోట ఫొటో అంటించి
- ఒరిజినల్ ఫొటో గుర్తింపు కార్డు
- వాచీ, నగలు, పర్సు, ఫోన్ లోపలికి రావు, బయట ఉండే నాన్నకో తమ్ముడికో ఇవ్వండి
- మధ్యాహ్నానికి పెరుగన్నం, బిర్యానీ వద్దు

"పేపరు తెప్పిస్తాం, మార్కులు వేయిస్తాం" అని ఫోన్లు ఈ రోజుల్లోనే వస్తాయి. పొలం అమ్మి డబ్బు కట్టి మోసపోయిన కుటుంబాలున్నాయి. ఆ నంబరు సైబర్ క్రైమ్ 1930కి చెప్పండి.

## 10. పాసయ్యాక

పాస్ సర్టిఫికెట్ ఎప్పుడు, ఎలా ఇచ్చేదీ ఎన్‌బీఈఎంఎస్ నోటీసులో ఉంటుంది, దాని ప్రకారం తీసుకోండి. ఆ తర్వాత కోఠి సుల్తాన్‌బజార్‌లోని తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌లో ప్రొవిజనల్ (తాత్కాలిక) రిజిస్ట్రేషన్. రెండో మెట్టులో కట్టిన కాగితాల కట్ట ఇక్కడ మళ్లీ విప్పాలి, ఒరిజినల్స్‌తో పాటు రెండు సెట్ల జిరాక్స్.

తర్వాత ఇంటర్న్‌షిప్. కాలేజీకి మీరే పోయి మాట్లాడుకోవడం కాదు, కౌన్సిల్ ద్వారా కేటాయింపు జరగాలి. ఒక కాలేజీ మొత్తం సీట్లకు అదనంగా 7.5 శాతం దాకానే విదేశీ పట్టభద్రులను తీసుకోవచ్చని కమిషన్ 2022 మార్చిలో చెప్పింది. అందుకే హైదరాబాద్ కోసమే పట్టుపట్టొద్దు. మహబూబ్‌నగర్, నల్లగొండ, సూర్యాపేట, నాగర్‌కర్నూల్, వనపర్తి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఇంటికి దగ్గర, పైగా కాన్పులూ కేసులూ చేతినిండా. అదే ఆదేశంలో ఇంకో రెండు మాటలున్నాయి: మీ దగ్గర ఇంటర్న్‌షిప్‌కు ఫీజు తీసుకోకూడదు, ఇక్కడ చదివినవాళ్లతో సమానంగా స్టైపెండ్ ఇవ్వాలి. ఎవరైనా డబ్బు అడిగితే రాతపూర్వకంగా అడగమనండి, ఆ కాగితం కౌన్సిల్‌కు ఇవ్వండి.

పాసయ్యాక రిజిస్ట్రేషన్ చేతికొచ్చేలోపు ఏదో నర్సింగ్ హోమ్‌లో "నైట్ డ్యూటీ డాక్టర్"గా చేరమని పిలుపులొస్తాయి. చేరొద్దు. రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేస్తే జాతీయ వైద్య కమిషన్ చట్టం 34వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, లేదా ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఓనరు తప్పించుకుంటాడు, సంతకం పెట్టినవాళ్లు దొరుకుతారు.

ఇంటర్న్‌షిప్ లాగ్‌బుక్‌లో ప్రతి పోస్టింగ్ ముగిసిన రోజే సంతకం పెట్టించుకోండి. ఏడాది తర్వాత ఆ ప్రొఫెసరు బదిలీపై వేరే జిల్లాలో ఉంటారు. కంప్లీషన్ సర్టిఫికెట్ చేతికొచ్చిన వారంలోనే శాశ్వత రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు పెట్టండి, నీట్ పీజీకైనా ప్రభుత్వ సివిల్ అసిస్టెంట్ సర్జన్ పోస్టుకైనా మొదట అడిగేది ఆ నంబరే.